అతిథికి ఇచ్చిన కోత

ప్రొఫెసర్ షాయ్‌మెర్దెన్‌గారు తస్‌బులాక్ ఆసుపత్రి గుమ్మం ముందు కారు దిగారు. ఆయన కోటు అందుకోవడానికి, ఆసుపత్రిని నడిపే పెద్ద డాక్టరు మెట్లమీంచి పరుగెత్తిన పరుగు చూసి కుల్యాష్ కిటికీ తెర లాగేసింది. పెద్ద డాక్టరుకి మోకాళ్ళ నొప్పి. లిఫ్టు పాడైందని రెండు వారాలుగా రోగులున్న మూడో అంతస్తుకి రావడమే మానేశాడు. ఆ నొప్పి ఇవాళ ఎక్కడ దాచిపెట్టాడో మరి.

కుల్యాష్ ముప్ఫై ఒక్క ఏళ్ళుగా ఆ ఆసుపత్రిలో ఆపరేషన్ బల్ల పక్కన నిలబడి పనిముట్లు అందిస్తున్న నర్సు. డాక్టరు చెయ్యి చాపితే ఆ చేతిలో ఏం పెట్టాలో ఆమె చేతికి తెలుసు, అడగనక్కర్లేదు. ఆ కొండల కింది నీళ్ళలో ఏ లోపముందో గానీ ఊళ్ళో ఆడవాళ్ళు సగంమంది మెడలో గడ్డతోనే ముసలివాళ్ళవుతారు. అందుకని ఆమె చూసినన్ని మెడలు ఆల్మాటీ మహానగరంలో ఉన్న ప్రొఫెసర్లు కూడా చూసి ఉండరు. ఇది ఆమె నలుగురిలోనూ అంటుంది, వాళ్ళు నొచ్చుకున్నా సరే అంటుంది.

ఇవాళ్టి మెడ ఉల్మెకెన్‌ది. ఉల్మెకెన్ ఆమెకు స్వయానా వియ్యపురాలు, కోడలికి తల్లి.

ఉల్మెకెన్ ఇరవై ఆరేళ్ళుగా తస్‌బులాక్ స్టేషన్లో రైళ్ళ రాకపోకలు మైకులో చెబుతోంది. ముందు కజక్‌లో, తర్వాత రష్యన్‌లో. స్టేషను ఆసుపత్రికి వీధి అవతలే. ఆ చుట్టుపక్కల ఇళ్ళవాళ్ళు గడియారం చూడరు. ఉల్మెకెన్ గొంతు విని టీ నీళ్ళు పొయ్యిమీద పెడతారు, పిల్లల్ని బడికి తోలతారు. ఆ గొంతులో తీపి ఏమీ లేదు. విసుగెత్తిన పెద్దక్క కేకేసినట్టుంటుంది. అది వింటే పడుకున్నవాడు కూడా లేచి మూట సర్దుకుంటాడు. రైల్వేవాళ్ళు రెండుసార్లు మాట్లాడే యంత్రాన్ని పంపారు. రెండుసార్లూ జనం గొడవపెట్టి దాన్ని మూలకు తోయించారు.

మూడేళ్ళుగా ఆవిడ మెడ గడ్డని రుమాలు కింద దాస్తూ వచ్చింది. ఈ చలికాలం నుంచీ వెల్లకిలా పడుకుంటే ఊపిరి అందడం లేదు. అయినా ఆపరేషనంటే ససేమిరా అంది.

"కోస్తే గొంతు పోతుందటగా వదినా. మా టికెట్ల కిటికీ దగ్గర కూచునే ఆవిడ పిన్నికి పోయిందట. ఇప్పుడు కోడళ్ళని తిట్టాలన్నా చేతులు ఊపాల్సిందేనట."

"ఎవడో చేతకానివాడు కోసుంటాడు. మన మూసాబెక్ ఆరువందల మెడలు కోశాడు, అన్నీ నా కళ్ళముందే. అయినా నేనుంటాగా అక్కడ."

"నువ్వుంటావా?"

"నీ పక్కనే ఉంటాను. సరేనా?"

"నువ్వుంటానంటేనే ఆ బల్ల ఎక్కుతాను. లేదంటే ఈ గడ్డతోనే చస్తాను. కనీసం అరుచుకుంటూ చస్తాను."

అలా కుల్యాష్ మాటమీద ఉల్మెకెన్ ఒప్పుకుంది.

వారం ముందు మూసాబెక్ స్కాను చూసి కుల్యాష్‌ని పిలిచాడు. మెడ ఆపరేషన్లన్నీ అతనే చేస్తాడు. నలభై ఐదేళ్ళవాడు, మంచి చెయ్యి. వెన్నెముక సంగతి తర్వాత చెప్పుకుందాం.

"ఇదిగో అక్కా, చూడు. కుడి చేతికి పోయే రక్తనాళం దారి తప్పి అన్నవాహిక వెనకనించి పోతోంది. ఇలా ఉన్నవాళ్ళకి కుడిపక్క గొంతు పలికించే నరం అందరిలాగా ఛాతీలోకి దిగి చుట్టు తిరిగి పైకి రాదు. మెడ పక్కనించి తిన్నగా అడ్డంగా వచ్చేస్తుంది. ఇన్నేళ్ళలో రెండంటే రెండే చూశాను. తెలియనివాడైతే ఏదో పీచు అనుకుని పుటుక్కున కత్తిరిస్తాడు."

"నీకు తెలుసుగా నాయనా."

"తెలిసిపోయింది కాబట్టే భయం లేదు. ముందు ఆ నరాన్ని వెతికి బయటపెడతాను, ఆ తర్వాతే గడ్డ జోలికి పోతాను."

క్యాలెండరు కాగితం చింపి దాని వెనక బొమ్మ కూడా గీసి చూపించాడు. ఇది గాలిగొట్టం, ఇది గడ్డ, ఇదిగో అడ్డంగా వచ్చే నరం. కుల్యాష్ ఆ కాగితం మడిచి జేబులో పెట్టుకుంది. ఆ రోజు అతని మీద ఆమెకు కొడుకుమీద ఉన్నంత నమ్మకం కలిగింది.

అంతా సవ్యంగా జరిగిపోయేదే. కానీ పెద్ద డాక్టరు తన పేరు కూడా ఆల్మాటీలో నలుగురి నోళ్ళలో నానాలని, ఆపరేషన్ రోజుకే ప్రొఫెసర్‌గారిని పిలిచాడు. గుమ్మంమీద పెద్ద గుడ్డ కట్టించాడు: తల, మెడ ఆపరేషన్లలో అరుదైన విశేషాలు, చిక్కులు. జిల్లాలో ఉన్న డాక్టర్లందరినీ రప్పించాడు. పొద్దున ప్రొఫెసర్‌గారు ఆపరేషన్ చూస్తారు, మధ్యాహ్నం ఉపన్యాసం, ఆ తర్వాత విందు. చూడ్డానికి ఉల్మెకెన్ ఆపరేషనే దొరికింది.

ఈ సంగతి విని ఉల్మెకెన్ మండిపడింది. "చూడ్డానికి నేనేమైనా ముసుగు తీసి చూపించే కొత్త పెళ్ళికూతుర్నా? కానుకలు కూడా తెస్తున్నాడా మీ ప్రొఫెసరు?"

"ఊరికే నిలబడి చూస్తాడు వదినా. నాలుగు నిమిషాలు తలాడించి పోతాడు. వాళ్ళకి ఎక్కువసేపు నిలబడే ఓపిక ఉండదు."

షాయ్‌మెర్దెన్‌గారిని కుల్యాష్ ఇరవై ఏళ్ళ కిందట ఎరుగును. శిక్షణకని ఆల్మాటీ పంపినప్పుడు మూడు నెలలు ఆయన బల్ల దగ్గరే పనిచేసింది. ఆ రోజుల్లో ఆయన చెయ్యి నిజంగా చెయ్యే, అబద్ధమెందుకు. మూసాబెక్ నేర్చుకున్నదీ ఆయన దగ్గరే. ఆ తర్వాత ఆయనకి కుర్చీ వచ్చింది, కమిటీలొచ్చాయి, పొట్ట వచ్చింది, కత్తి పోయింది. ఎనిమిదేళ్ళుగా ఆయన కోసేది రిబ్బన్లే. ఇప్పుడాయన అరుదైన కేసులు సేకరిస్తున్నాడు. ఎవరి ఆసుపత్రిలో ఏ వింత కనపడినా అది ఆయన ఉపన్యాసాల తెరమీదికి ఎక్కుతుంది, కింద ఆయన పేరుంటుంది. ఇప్పటికి నలభై రెండు పోగయ్యాయట. వాటిలో రోగి ఏమయ్యాడన్నది ఒక్కదానిలోనూ ఉండదు.

ఆ రోజు మూసాబెక్ ఎడమవైపు గడ్డ ముప్పావుగంటలో తీసేశాడు. చుక్క రక్తం ఎక్కువ పోలేదు. కుడివైపుకి వచ్చి, భూతద్దాల కళ్ళజోడు సర్దుకుని, పొరలు ఒక్కొక్కటే విడదీశాడు. స్కాను చెప్పినచోటే, ఆ బొమ్మలో గీసినచోటే, అడ్డంగా తెల్లటి దారంలాంటిది కనిపించింది. మూసాబెక్ కళ్ళు నవ్వాయి. కుల్యాష్ కూడా ముసుగులోపల నవ్వింది. గండం గడిచినట్టే అనుకుంది.

సరిగ్గా అప్పుడే తలుపు తెరుచుకుంది. ప్రొఫెసర్‌గారు చేతులు కడుక్కుని, గౌను తొడిగించుకుని, చేతులు పైకెత్తి పట్టుకుని వచ్చారు. వెనక పెద్ద డాక్టరు, ఆయన వెనక కెమెరా పట్టుకున్నవాడొకడు.

ఇక్కడొక ఆనవాయితీ ఉంది. ఇంటికి పెద్దమనిషి వస్తే ఉడికించిన గొర్రెతలని పళ్ళెంలో పెట్టి, మూతి ఆయనవైపు తిప్పి, కత్తి చేతికిస్తారు. ఆయన కోసి అందరికీ పంచుతాడు. ఎక్కడ కొయ్యాలో ఎవరూ ఆయనకి చెప్పరు. చెబితే పెద్దరికాన్ని తీసిపారేసినట్టే, ఆ ఇంటికి తలవంపులే. ఇంట్లో బాగానే ఉంటుంది ఈ మర్యాద. మనవాళ్ళు దాన్ని ఆపరేషన్ బల్లదాకా తెచ్చారు. పెద్ద సర్జన్ ఎవరొచ్చినా మధ్యలో ఒక కోత ఆయనకి ఇవ్వాలి, అది దీవెన. ఇన్నాళ్ళూ తెలివిగలవాళ్ళు ఆ దీవెనని చివరికి ఉంచేవారు. పై చర్మానికి రెండు కుట్లు వేయించి, చప్పట్లు కొట్టి, పంపేసేవారు. అలా ఎవరికీ నష్టం లేకుండా గడిచిపోయేది.

"ఏం నాయనా మూసాబెక్," అన్నాడు ప్రొఫెసరు మెడలోకి తొంగిచూసి. "బాగానే నేర్పినట్టున్నానే నీకు."

"అంతా మీ చలవ, షాకె." గౌరవించి పిలవాలంటే ఆయన్ని అందరూ అలాగే పిలుస్తారు.

"షాకెని అలా నిలబెట్టే ఉంచుతావటయ్యా?" అన్నాడు పెద్ద డాక్టరు. కెమెరా ముందుకు జరిగింది.

మూసాబెక్ చేతులు ఆగిపోయాయి. ఒక్క క్షణం నరంవైపు చూశాడు. ఇంకో క్షణం ప్రొఫెసరువైపు చూశాడు. తర్వాత కుల్యాష్ జీవితంలో మర్చిపోలేని పని చేశాడు. పక్కకి జరిగి చోటిచ్చాడు.

"మీ చెయ్యి ఒక్కసారి తగిలితే మాకు దీవెన, షాకె."

"డాక్టరుగారూ, ఆ స్కాను సంగతి చెప్పండి," అంది కుల్యాష్ మూసాబెక్‌తో.

మూసాబెక్ తలెత్తలేదు. "పెద్దవారికి మనం చెప్పేదేముంది అక్కా," అన్నాడు నసుగుతూ.

"చెప్పండి," అంది ఆమె మళ్ళీ.

"పనిముట్లు ఎప్పట్నించి మాట్లాడుతున్నాయి మీ ఊళ్ళో?" అన్నాడు ప్రొఫెసరు నవ్వుతూ. పెద్ద డాక్టరు ఆ మాటకి పగలబడి నవ్వాడు. మత్తు ఇచ్చే డాక్టరు పైకప్పు చూస్తూ నిలబడ్డాడు, అక్కడేదో రాసి ఉన్నట్టు.

ప్రొఫెసరు చెయ్యి చాపాడు. "కత్తెర, అమ్మాయ్."

యాభై నాలుగేళ్ళ మనిషిని అమ్మాయ్ అన్నాడు. ఆ మాటకి మండిపోతూ ఉండగానే, ఇవ్వనని ఆమె అనుకుంటూ ఉండగానే, ముప్ఫై ఒక్క ఏళ్ళ అలవాటు ఆమె కంటే ముందు కదిలింది. కత్తెర ఆయన అరచేతిలో టప్పున పడింది.

"ఇదేంటి, ఈ పీచు," అన్నాడు ప్రొఫెసరు. పట్టకారుతో పట్టాడు. వేళ్ళు వణికాయి. కత్తిరించాడు.

తెల్లటి దారం రెండు ముక్కలై చెరోపక్కకీ వెనక్కి పోయింది. చాలా చిన్న చప్పుడు. కుల్యాష్‌కి మాత్రం వినపడింది.

"అది నరం," అంది ఆమె.

"నరం కింద ఉంటుందమ్మా, గాలిగొట్టం పక్క గాడిలో. ఏ పుస్తకమైనా తిరగెయ్. ఇది పీచు." కత్తెర పళ్ళెంలో పడేశాడు, కెమెరావైపు తిరిగాడు, బొటనవేలు చూపించాడు. "ఇక కానివ్వు నాయనా. టీ ఎక్కడ?"

వచ్చినవాళ్ళు వచ్చినట్టే వెళ్ళిపోయారు. మొత్తం ఆరు నిమిషాలు పట్టింది. బల్లమీద ఉల్మెకెన్ ఏమీ ఎరక్కుండా పడుకుని ఉంది, యంత్రం ఆమె తరఫున ఊపిరి పీలుస్తోంది.

మూసాబెక్ గడ్డ మిగతా ముక్క తీసేసి, "మూసేద్దాం అక్కా," అంటూ చెయ్యి చాపాడు.

కుల్యాష్ ఆ చేతిలో మూసే దారం పెట్టలేదు. వెంట్రుక కంటే సన్నటి దారమున్న పొట్లం చింపి, ఆ సూది పెట్టింది.

"ఇదేంటి?"

"నరం కుట్టు."

"అక్కా..."

"కుట్టు అంటున్నా. రెండు కొసలూ నీ కళ్ళముందే ఉన్నాయి. ఇప్పుడు కుడితే కొంతైనా గొంతు మిగులుతుంది, నువ్వే చెప్పావు ఎన్నోసార్లు. ఇవాళ మూసేస్తే ఇక ఎప్పటికీ లేదు."

"కుడితే రాయాలి. రాస్తే ఎందుకు కుట్టావని అడుగుతారు. తెగింది కాబట్టి అనాలి. ఎవరు తెంచారంటే ఏం చెప్పను? ఆయన నా గురువక్కా."

"నీ గురువు కాళ్ళు పట్టుకుంటావో, నెత్తిన పెట్టుకుని ఊరేగుతావో నీ ఇష్టం. ఆయన మర్యాదకి మా వదిన మెడ కావలసి వచ్చిందిరా నీకు? బొమ్మ గీసి మరీ చూపించావు కదరా! తెలియనివాడు కోస్తే పొరపాటు. తెలిసినవాడివి నోరు మూసుకున్నావే, దాన్నేమనాలి?" గౌను లోపల జేబులో ఉన్న ఆ కాగితం తన ఒంటికి గుచ్చుకుంటున్నట్టుంది ఆమెకి. "నీకు చేతులిచ్చి వెన్నెముక ఇవ్వడం మర్చిపోయాడు దేవుడు. కుట్టు. కుట్టకపోతే ఈ బల్ల దగ్గర్నించి నేను కదలను, నిన్ను కదలనివ్వను."

మత్తు డాక్టరు మొదటిసారి పైకప్పు మీంచి కళ్ళు దించాడు. "కుట్టండి సార్, నేను చూసుకుంటా," అన్నాడు మెల్లగా. ఆ రోజు మగవాళ్ళ నోటినుంచి వచ్చిన మంచిమాట అదొక్కటే.

మూసాబెక్ కుట్టాడు. గంటసేపు, ఊపిరి బిగబట్టి, నాలుగు కుట్లు వేశాడు. ఎంత బాగా కుట్టాడంటే కుల్యాష్‌కి మరింత ఒళ్ళు మండింది. ఇంత పనివాడు ఒక్కమాట అనలేకపోయాడే అని.

"పాత గొంతు రాదక్కా," అన్నాడు చివరికి. "బొంగురుగా ఉంటుంది. ఆర్నెల్లకో ఏడాదికో కాస్త బలం రావచ్చు. మైకులో ఆ కేక మాత్రం రాదు."

ఆపరేషన్ కాగితాల్లో జరిగింది జరిగినట్టే రాశాడు, అదీ కుల్యాష్ వెనక నిలబడితేనే. ఆపరేషన్ చేసినవారు అన్నచోట మాత్రం తన ఒక్కడి పేరే రాసుకున్నాడు. "నా మీదే వేసుకుంటా," అన్నాడు త్యాగమూర్తిలా మొహం పెట్టి. ఆ మొహం చూడలేక ఆమె బయటికి వచ్చేసింది.

మధ్యాహ్నానికి కథ మరో మలుపు తిరిగింది. స్కాను చదివే డాక్టరు టీ దగ్గర ప్రొఫెసరుతో మాటల్లో అన్నాడట, ఇవాళ్టి రోగికి నరం అడ్డంగా ఉందండీ, చాలా అరుదండీ అని. ప్రొఫెసరు చేతిలో కప్పు ఆగిపోయిందట. మొహం మాడిందనుకుంటున్నారా? లేదు, వెలిగిపోయిందట. నలభై మూడోది దొరికింది మరి.

ఉపన్యాసం హాలు కిక్కిరిసి ఉంది. కుల్యాష్ వెనక గోడకి ఆనుకుని నిలబడింది.

"మిత్రులారా," అన్నాడు ప్రొఫెసరు. "వందలో ఒకరికి కూడా ఉండని విశేషం. ఇవాళ పొద్దున, మీ తస్‌బులాక్‌లో, ఈ చేతుల్లోకి వచ్చింది. పట్టకారు తగలగానే ఇది మామూలుది కాదని నా వేళ్ళకి తెలిసిపోయింది."

వేళ్ళకి తెలిసిపోయిందట! కుల్యాష్ పళ్ళు పటపట కొరికింది.

ఆయన ఇంకా చెప్పుకుపోయాడు. ఈ కేసు ఆల్మాటీలో పెద్ద సభలో చూపిస్తాడట. అందుకు ఆపరేషన్ కాగితాలు కావాలట. చేసినవారిగా తన పేరు ఉండాలట, మూసాబెక్ పేరు సహాయకుడిగా ఉంటే చాలట. పెద్ద డాక్టరు అప్పటికప్పుడు మూసాబెక్ చేత పేర్లు మార్పించాడు. మూసాబెక్ రెండుసార్లు నోరు తెరిచాడు, రెండుసార్లూ మూశాడు, పేరు మార్చి రాశాడు. లోపల ఏముందో చదవాలన్న ఆలోచన ఇద్దరు పెద్దల్లో ఏ ఒక్కరికీ రాలేదు. కాగితాలు వేదిక దగ్గరికి తీసుకెళ్ళమని కుల్యాష్ చేతికిచ్చారు. అందించడం ఆమె పనేగా.

ప్రొఫెసరు కెమెరావైపు చూస్తూ, కాగితంవైపు చూడకుండా, తోకలున్న సంతకం పెట్టాడు.

"చదవమంటారా ప్రొఫెసర్‌గారూ?" అంది కుల్యాష్.

"చదువమ్మా, చదువు. అందరూ వినాలి."

కుల్యాష్ మైకు దగ్గరికి జరిగింది. ఉల్మెకెన్ రైళ్ళు ఎలా చెబుతుందో అలాగే, తొందర లేకుండా, మాటకి మాటకి మధ్య ఎడమిచ్చి చదివింది. "ఆపరేషన్ చేసినవారు, ప్రొఫెసర్ షాయ్‌మెర్దెన్. కుడివైపున అడ్డంగా వచ్చిన గొంతు నరాన్ని, పీచుగా పొరబడి, పూర్తిగా కత్తిరించడమైనది. తెగిన కొసలను సహాయకుడు మూసాబెక్ నాలుగు కుట్లతో కలిపినాడు." ముందు కజక్‌లో చదివింది. తర్వాత అదే రష్యన్‌లో చదివింది.

పెద్ద డాక్టరు మొహాన నెత్తురు చుక్క లేదు. కుల్యాష్ ప్రొఫెసరు కళ్ళలోకి సూటిగా చూసింది. ఇప్పుడేమంటావు, అను చూద్దాం, అనుకుంది.

ఆయన రెండు క్షణాలు ఆగాడు. అంతే, రెండే. తర్వాత చేతులు చాపి చిరునవ్వు నవ్వాడు.

"అదీ సంగతి, మిత్రులారా! ఇవాళ్టి మన విషయమేమిటి? అరుదైన విశేషాలు, చిక్కులు. ఒకే మెడలో రెండూ! విశేషమూ ఉంది, చిక్కూ ఉంది. ఇలాంటి పాఠం మీకు డబ్బిచ్చినా దొరకదు. దాచుకోకుండా చెప్పుకోవడమే మన గొప్పతనం."

చప్పట్లు మోగాయి. ముందు వరసలో మొదలై వెనకదాకా వచ్చాయి. కుల్యాష్ తన చెవుల్ని తాను నమ్మలేకపోయింది. చదువుకున్నవాళ్ళు, రోజూ మెడలు కోసేవాళ్ళు, లేచి నిలబడి మరీ కొట్టారు. సిగ్గన్నది ఒంటికి అంటాలంటే ముందు ఒళ్ళంటూ ఉండాలి కదా. వీళ్ళకి కోట్లు తప్ప ఏమీ లేవు.

పక్కగదిలో విందు. వెడల్పాటి పిండిరేకుల మీద మాంసం, గిన్నెల్లో గుర్రపుపాలు, అందరికంటే ముందు గొర్రెతల. మూతి ప్రొఫెసరువైపు తిప్పి పెట్టారు. ఆయన దీవెన పలికి, కుడి బుగ్గనుంచి ఒక ముక్క కోసుకుని, చెవి కోసి మూసాబెక్ చేతికిచ్చాడు. చెవి చిన్నవాళ్ళకి ఇస్తారు.

"ఇంద, నాయనా. పెద్దల మాట వింటూ ఉండు."

అందరూ నవ్వారు. నలభై ఐదేళ్ళ మూసాబెక్ రెండు చేతులా అందుకుని నోట్లో పెట్టుకున్నాడు, తల వంచుకుని నమిలాడు. గొర్రెతల కొయ్యడంలో మాత్రం ప్రొఫెసరు చెయ్యి వణకలేదు. ఒక్క పీచు కూడా వృథా పోలేదు. కుల్యాష్ అక్కడ టీ చుక్క ముట్టలేదు.

నాలుగున్నరకి ఆమె ఉల్మెకెన్ గదికి వెళ్ళింది. మెట్లెక్కుతుంటే చెప్పాల్సిన మాటలు వరసగా అనుకుంది. ఆ ముసలాడిని తిట్టాలి. మూసాబెక్‌ని తిట్టాలి. చప్పట్లు కొట్టినవాళ్ళని పేరుపేరునా తిట్టాలి. నిజమే కదా, అందరూ చేశారు.

ఉల్మెకెన్ తలగడకి జారగిలబడి కూచుంది. మెడ చుట్టూ కట్టు. ఊపిరి బాగానే ఆడుతోంది. కుల్యాష్‌ని చూసి నోరు తెరిచింది. గాలి వచ్చింది, దాని అడుగున ఎక్కడో మాట గీసుకుంటూ వచ్చింది.

"ఇంతేనా ఇక?"

"ఆర్నెల్లలో కాస్త మెరుగవుతుంది వదినా."

"మైకు?"

కుల్యాష్ అబద్ధం ఆడదామనుకుంది, ఆడలేకపోయింది. తల అడ్డంగా ఊపింది. తర్వాత జరిగింది చెప్పింది. స్కాను, బొమ్మ, ప్రొఫెసరు, దీవెన. జేబులోంచి మూసాబెక్ గీసిన కాగితం తీసి దుప్పటిమీద పెట్టింది. ఉల్మెకెన్ ఆ బొమ్మని చాలాసేపు చూసింది.

"వాళ్ళింట్లో గొర్రెలు లేవా?" అంది చివరికి. "నా మెడ వడ్డించారు?"

కుల్యాష్ ఆ కాగితం మళ్ళీ మడిచింది.

"నువ్వు పక్కనే ఉంటానన్నావు."

"ఉన్నాను వదినా."

"ఉండి?"

మెట్లమీద కూర్చుకున్న తిట్లన్నీ పక్కన పెట్టి, "కత్తెర నేనే అందించాను," అంది కుల్యాష్.

కిటికీ అవతల స్టేషన్ మైకు గరగరలాడింది. మూలన పెట్టిన యంత్రాన్ని పొద్దున్నే దులిపి పెట్టినట్టున్నారు. ఆల్మాటీ రైలు ఒకటో ప్లాట్‌ఫారం మీదికి వస్తుందని అది తియ్యగా చెప్పింది.

"రెండు," అంది ఉల్మెకెన్. "ఆ రైలు రెండోదానిమీదికి వస్తుంది." గీసుకుంటూ వచ్చిన ఆ మాట మంచందాకా కూడా సరిగా వినపడలేదు. కింద వీధిలో మూటలు పట్టుకుని జనం పరుగులు పెడుతున్న చప్పుడు వినిపించింది.

కుల్యాష్ ఏం చెయ్యాలో తెలియక ఫ్లాస్కులోంచి గోరువెచ్చటి టీ కప్పులో పోసింది, పాలు కలిపింది, వియ్యపురాలి చేతి దగ్గరికి చాపింది.

ఉల్మెకెన్ చెయ్యి చాపలేదు.

"అక్కడ పెట్టు," అంది. "ఇక మీద నువ్వు నాకేదీ అందించకు."

కుల్యాష్ కప్పు బల్లమీద పెట్టింది. ఆమె రెండడుగులు వెనక్కి వేసేదాకా ఆగి, ఉల్మెకెన్ ఒంగి తనే అందుకుని తాగింది.